ఇథియోపియాలో ఎంబీఏ సిలబస్ తిరగరాస్తున్నారట, 1991 చూసిన మనవాళ్లు ఏం చెబుతారు?

అలిపిరి మెట్లు
శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నేను తిరుపతిలో ఎంబీఏ పిల్లలకు ఫైనాన్స్ చెబుతాను. అంతకుముందు 2009 నుంచి ఐదేళ్లు ఇథియోపియాలో, అడిస్ అబాబాకు దక్షిణంగా ఉండే ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో పనిచేశాను. మన ఆంధ్రా నుంచి అప్పట్లో చాలామంది లెక్చరర్లు అక్కడికి వెళ్లారు, ఇక్కడ కూడా వెళ్లొచ్చినవాళ్లు ఉండే ఉంటారు. అక్కడ నా దగ్గర చదువుకున్న కుర్రాడు ఇప్పుడు వాళ్ల డిపార్ట్‌మెంట్ హెడ్. పోయిన వారం ఫోన్ చేసి, "సార్, మా ఎంబీఏ సిలబస్ మొత్తం మారుస్తున్నాం. మీ దేశం 1991లో మార్కెట్‌కు తలుపులు తెరిచింది కదా, చదువు విషయంలో మీరు ఏం తప్పులు చేశారో చెప్పండి, మేం జాగ్రత్త పడతాం" అన్నాడు. అప్పటి నుంచి నాకు అదే ఆలోచన.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1974లో హైలే సెలాసీ చక్రవర్తిని దించేసి అక్కడ దెర్గ్ అనే సైనిక ప్రభుత్వం వచ్చింది. మరుసటి ఏడాదే బ్యాంకులు, ఇన్సూరెన్సు, పెద్ద ఫ్యాక్టరీలు, భూమి అన్నీ సర్కారు చేతికి పోయాయి. 1991లో ఆ ప్రభుత్వం కూలింది. మనం ఇక్కడ లైసెన్సులు ఎత్తేసిన సంవత్సరమే అది. కానీ వాళ్లు తలుపు ఒక్కసారిగా తియ్యలేదు, ముప్పై ఏళ్లుగా కొంచెం కొంచెం తీస్తూ వచ్చారు. 1994లో ప్రైవేటు బ్యాంకులకు అనుమతిచ్చారు, అదీ స్వదేశీ బ్యాంకులకే. 2022 దాకా మొబైల్ ఫోన్ అంటే ప్రభుత్వ కంపెనీ ఒక్కటే. 2024 జూలైలో వాళ్ల కరెన్సీ బిర్ ధరను మార్కెట్‌కు వదిలారు, ఆ డిసెంబరులో విదేశీ బ్యాంకులు రావచ్చని చట్టం చేశారు, 2025 జనవరిలో స్టాక్ ఎక్స్చేంజ్ తెరిచారు. భూమి మాత్రం ఇప్పటికీ ప్రభుత్వానిదే. అంటే ముప్పై ఏళ్లలో జరగాల్సింది చివరి రెండు మూడేళ్లలో మీదపడింది, పిల్లలేమో పాత సిలబస్సే చదువుతున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సిలబస్ కంటే ముందు మార్చాల్సింది పాఠం చెప్పేవాణ్ని. నేను ఎంబీఏ చేశాను, లెక్చరర్లకు పెట్టే నెట్ పరీక్ష రాశాను, నేరుగా క్లాసులోకి వచ్చేశాను. ఒక కంపెనీలో కూర్చొని ఒక్క నెల పద్దు రాసింది లేదు. వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ ఖర్చులకు చేతిలో ఉండాల్సిన డబ్బు గురించి ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను, శనివారం సాయంత్రానికి కూలీలకు డబ్బులివ్వాల్సి ఉండి చేతిలో లేకపోతే ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. అక్కడా నాలాంటివాళ్లే ఎక్కువ. మీరేమంటారు?


గుజ్జు చిత్తూరు
శనివారం, రాత్రి 10.15

సార్, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. నాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, చిన్నదే. జూన్, జూలై రెండు నెలలు రాత్రింబగళ్లు నడుస్తుంది, మిగతా పది నెలలు డ్రమ్ముల ముందు కూర్చొని బయ్యర్ కోసం ఎదురుచూడటమే. అందుకే నాకు లెక్క తెలిసిన మనిషి కావాలి. పోయినేడు పన్నెండు మంది ఎంబీఏ వాళ్లను ఇంటర్వ్యూ చేశాను. అందరికీ ఒకటే ప్రశ్న. వంద టన్నుల గుజ్జు జూలైలో రెడీగా ఉంది, ఇప్పుడే అమ్మితే కిలో 55 రూపాయలు, ఫిబ్రవరి దాకా ఆగితే 60 వస్తుందని బయ్యర్ అంటున్నాడు, బ్యాంకు వడ్డీ ఏడాదికి పది శాతం, అమ్మేద్దామా ఆగుదామా?

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఏడు నెలల వడ్డీకే కిలోకు మూడు రూపాయల ఇరవై పైసలు పోతుంది. గోడౌన్ అద్దె, ఇన్సూరెన్సు, బ్యాగు లీకై పాడయ్యేది కలిపితే ఐదు రూపాయల్లో మనకు మిగిలేది రూపాయో, అర్ధరూపాయో. దానికోసం ఏడు నెలలు టెన్షన్ పడాలా, పైగా ఫిబ్రవరిలో ఆ బయ్యర్ మాట మార్చడని ఏముంది? ఇంత ఆలోచిస్తారని ఆశపడ్డాను. ఒకబ్బాయి స్వాట్ అనాలసిస్ (బలాలు, బలహీనతల పట్టిక) చేద్దాం సార్ అన్నాడు. ఇంకొకడు బ్రాండింగ్ చేసుకోవాలన్నాడు. కరెక్టుగా చెప్పింది ఒక్కరే, బంగారుపాళ్యం వైపు అమ్మాయి, వట్టి బీకామ్. వాళ్ల నాన్న మండీ నడుపుతాడంట, చిన్నప్పటి నుంచి చీటీ మీద లెక్క వేసేది ఆ పిల్లే. ఆమెకే ఉద్యోగం ఇచ్చాను.

మీ ఇథియోపియా అబ్బాయికి ఇదే చెప్పండి. వాళ్లకు కాఫీ ఉంది కదా, కాఫీ గింజ పెట్టి ఇదే ప్రశ్న అడగమనండి.


సత్యవేడు రోడ్డు
శనివారం, రాత్రి 10.52

నేను శ్రీసిటీలో ఒక కంపెనీలో హెచ్ఆర్. రోజూ తిరుపతి నుంచి పోయి వస్తాను, ఇది బస్సులో కూర్చొని రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి.

మా దగ్గరికి హెచ్ఆర్ స్పెషలైజేషన్ చేసినవాళ్లు వస్తారు. మనిషి అవసరాల మీద మాస్లో పిరమిడ్ గడగడా చెప్పేస్తారు. నెలకు ఇరవై వేల జీతం ఉన్న ఆపరేటర్‌కు ఈఎస్ఐకి, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమాకు ఎంత పట్టుకోవాలి అంటే నోరు తెరవరు. ఉద్యోగి వైపు 0.75 శాతం, కంపెనీ వైపు 3.25. జీతం 21 వేలు దాటితే ఆ లెక్కే మారిపోతుంది. ఆ ఆపరేటర్‌కు ఇంక్రిమెంట్ ఇచ్చి 21 వేల గీత దాటిస్తే వాళ్లింట్లో ఆసుపత్రి సదుపాయం ఏమవుతుందో ముందే ఆలోచించాలి. అది ఒక కుటుంబం సంగతి. మా లైన్‌లో ఒకావిడ నన్ను పక్కకు పిలిచి "మేడమ్, నాకు జీతం పెంచకండి, మా అత్తకు డయాలసిస్ నడుస్తోంది" అంది. ఈ పరిస్థితి ఏ పుస్తకంలో ఉంది?

మార్కెట్ వచ్చిందంటే ఉద్యోగాల రకం మారుతుంది. ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగమంటే జీవితాంతం. ప్రైవేటు వచ్చాక కాంట్రాక్టు, షిఫ్టు, ఓటీ, తీసేయడం, మళ్లీ పెట్టుకోవడం. మనిషిని తీసేసే మాట ఎట్లా చెప్పాలో కూడా నేర్పాలి. మాకెవరూ నేర్పలేదు.


నాలుగో సెమ్
ఆదివారం, ఉదయం 7.05

సార్, మేడమ్, అన్నా, అందరికీ నమస్తే. నేను ఇప్పుడు ఎంబీఏ నాలుగో సెమ్‌లో ఉన్నాను, కాలేజీ పేరు చెప్పను. మీరందరూ పిల్లలకు ఏమీ రాదు అంటున్నారు. నిజమే, నాకు కూడా గుజ్జు అన్న అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు తట్టలేదు. రాత్రి కూర్చొని వేసుకుంటే వచ్చింది.

కానీ ఒక మాట. ఇంటర్న్‌షిప్ అని నలభై ఐదు రోజులు ఒక కంపెనీకి పోయాను. ప్లాంటులోకి ఒక్క రోజు కూడా పోనివ్వలేదు. రిసెప్షన్ పక్కన కుర్చీ వేసి పాత బ్రోచర్లు ఇచ్చి చదువుకోమన్నారు. అకౌంట్స్ వాళ్లను అడిగితే నంబర్లు బయటికి ఇవ్వం అన్నారు. ఇంక నా ప్రాజెక్టు ఏముంటుంది? మా బ్యాచ్‌లో సగం మంది జిరాక్స్ షాపులో మూడు వేలిచ్చి పాత రిపోర్టు తెచ్చుకున్నారు. "కస్టమర్ సాటిస్‌ఫాక్షన్ మీద ఒక అధ్యయనం", వంద మందిని అడిగినట్టు, డెబ్భై రెండు శాతం తృప్తిగా ఉన్నట్టు. కంపెనీ పేరు మార్చి బైండింగ్ చేయిస్తారు. నేను కొనలేదు, కష్టపడి రాసుకున్నాను, కానీ నాకు వాళ్లకంటే నాలుగు మార్కులు తక్కువ వచ్చాయి.

మా నాన్న ఆటో నడుపుతాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకపోతే నేను ఎంబీఏ మొహం చూసేవాణ్ని కాదు. అందుకే ఈ రెండేళ్లు వృథా అయ్యాయంటే నాకు చాలా బాధగా ఉంటుంది. కంపెనీలు గేటు తెరవకుండా మాకు పని రాదంటే ఎట్లా అన్నా?


పాత కామర్స్
ఆదివారం, ఉదయం 10.30

నాలుగో సెమ్ బాబూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నీ తప్పు లేదు నాయనా.

నేను 1974లో కామర్స్ లెక్చరర్‌గా చేరాను. తప్పులేమిటని ఇథియోపియా అబ్బాయి అడిగాడు కాబట్టి నేను చూసినవి చెబుతాను. మన దేశంలో 1961లో కలకత్తా, అహ్మదాబాద్‌లలో ఐఐఎంలు పెట్టారు. కలకత్తాకు ఎంఐటీ, అహ్మదాబాద్‌కు హార్వర్డ్ తోడ్పడ్డాయి, ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బిచ్చింది. చదువు అక్కడి నుంచి వచ్చింది, మార్కెట్ మాత్రం ఇక్కడ లేదు. స్కూటర్ బుక్ చేసుకొని ఏళ్లకేళ్లు ఎదురుచూసే రోజులవి. సిమెంటుకు పర్మిట్టు. అమ్మకం అనేది ఒక పనే కాదు, కేటాయించడమే పని. కంపెనీలో పెద్ద మేనేజరంటే ఢిల్లీకి పోయి లైసెన్సు తెచ్చేవాడు. క్లాసులో మాత్రం మేం మార్కెటింగ్ సూత్రాలు చెప్పేవాళ్లం.

1991 జూలై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివారు, అదే రోజు కొత్త పారిశ్రామిక విధానం కూడా వచ్చింది. పెద్ద కంపెనీలు విస్తరించాలంటే, గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే ఎంఆర్‌టీపీ చట్టం కింద తీసుకోవాల్సిన ముందస్తు అనుమతి పోయింది. నేను ఆ చట్టాన్నే, పాత రూపంలోనే, ఆ తర్వాత కూడా కొన్నేళ్లు క్లాసులో చెబుతూ వచ్చాను. ఎందుకంటే సిలబస్‌లో ఉంది, పరీక్షలో పదిహేను మార్కుల ప్రశ్న వస్తుంది. బయట గోడ పడిపోయింది, లోపల మేం పిల్లలకు ఆ గోడ ఎత్తూ వెడల్పూ బట్టీ పట్టిస్తున్నాం. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. సిలబస్ మార్చే అధికారం టీచరు చేతిలో కొంతైనా ఉండాలి, ఏటా కనీసం ఒక యూనిట్ అయినా మార్చుకునే వీలుండాలి. ఇది మొదట రాయండి.

రెండో తప్పు తొందర. చైనా 1991లో ఎంబీఏ మొదలుపెట్టినప్పుడు తొమ్మిది యూనివర్సిటీలకే అనుమతిచ్చింది. అంత పెద్ద దేశం, ముందు తొమ్మిదే. 1994లో షాంఘైలో యూరోపియన్ యూనియన్‌తో కలిసి ఒక స్కూలు పెట్టుకుంది, ఆ తర్వాత పెంచుకుంటూ పోయింది. మనం ఇంజనీరింగ్ కాలేజీ పక్కన ఖాళీ గది కనిపిస్తే ఎంబీఏ బోర్డు తగిలించాం. టీచర్లు ఎక్కడి నుంచి వస్తారు? నిన్న పాసైనవాడే ఈరోజు టీచరు.

రష్యా చేసిన ఒక పని నాకు నచ్చింది. 1997లో అధ్యక్షుడి పేరు మీద ఒక శిక్షణ పథకం పెట్టి, అప్పటికే ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న మేనేజర్లను ఏటా వేల సంఖ్యలో తీసుకొని చదివించారు, కొందరిని విదేశీ కంపెనీలకు పంపి పని చూపించారు. అంటే ఉద్యోగం ముందు, చదువు తర్వాత. ఇరవై రెండేళ్ల పిల్లవాడికి మేనేజ్‌మెంట్ చెప్పడం కంటే, పదేళ్లు పనిచేసి దెబ్బలు తిన్నవాడికి చెబితే ఆ చదువు వంటబడుతుంది.


డిపో గేటు
ఆదివారం, మధ్యాహ్నం 12.10

గురువుగారూ నమస్కారం. నేను ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏడు చేసి రిటైరయ్యాను, చివర్లో డిపోలో ట్రాఫిక్ చూసేవాణ్ని. ఒక విషయంలో మాత్రం నా మాట కూడా వినండి. మార్కెట్ అనగానే ప్రభుత్వ సంస్థల్లో పనిచేసినవాళ్లకు ఏమీ తెలియదన్నట్టు మాట్లాడతారు. మా డిపోలో రోజూ పొద్దున్నే బోర్డు మీద మూడు అంకెలు రాసేవాళ్లం. కేఎంపీఎల్ అంటే లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఈపీకే అంటే కిలోమీటరుకు ఎంత రాబడి, ఓఆర్ అంటే ఎన్ని సీట్లు నిండాయి. తిరుమల ఘాట్ ఎక్కే బస్సుకూ నెల్లూరు పోయే బస్సుకూ ఒకే కేఎంపీఎల్ టార్గెట్ పెట్టకూడదని మాకు ఏ ఎంబీఏ చెప్పలేదు. బ్రహ్మోత్సవాలకు ఎన్ని స్పెషల్ బస్సులు, ఎంతమంది స్పేర్ డ్రైవర్లు, ఎవరికి ఎక్కడ నిద్ర, అన్నీ ఒక పాత నోటుబుక్కులో ఉండేవి.

ఇథియోపియాలో కూడా ఆ సర్కారు ఫ్యాక్టరీల్లో ఇట్లాంటి ముసలివాళ్లు ఉంటారు కదా. వాళ్లు పోకముందే క్లాసుకు పిలిపించండి. పక్కనే తిరుమల ఉంది, రోజుకు అరవై, డెబ్భై వేల మంది వచ్చిపోతారు, ఆ క్యూలు, అన్నదానం, లడ్డూ తయారీ చూసి నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మన ఊరి ఎంబీఏ పిల్లలు ఎంతమంది కాగితం పెన్ను పట్టుకొని చూశారో చెప్పండి.


అలిపిరి మెట్లు
ఆదివారం, రాత్రి 8.20

డిపో గేటు గారూ, మీరు రాసింది చదవగానే అక్కడి ఒక పెద్దమనిషి గుర్తొచ్చాడు. సాయంత్రం క్లాసులకు వచ్చేవాడు, యాభై దాటినవాడు, ఒక బట్టల మిల్లులో డిప్యూటీ మేనేజర్. మొదటి రోజే లేచి నిలబడి, "మమ్మల్ని ఇరవై ఏళ్లు ఎన్ని మీటర్లు నేశారని అడిగారు. ఎవరికి అమ్ముతారని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఎవరికి అమ్ముతారని అడుగుతున్నారు, ఆ మాటకు మా దగ్గర ఒక రిజిస్టరు కూడా లేదు" అన్నాడు. మిషన్ సంగతి, నూలు సంగతి ఆయనకు తెలిసినంత నాకు జన్మలో తెలియదు. ఆయనకు లేనిది ఒక్కటే, ధర కట్టడం. ఒక మీటరు గుడ్డకు నిజంగా ఎంత ఖర్చవుతుందో లెక్క తీయడానికి మేమిద్దరం ఆరు వారాలు కూర్చున్నాం. కరెంటు బిల్లు మొత్తం మిల్లుకు ఒకటే, ఏ మగ్గానికి ఎంత అనేది విడదీయడానికే రెండు వారాలు పట్టింది. ఆ ఆరు వారాల్లో నేను నేర్చుకున్నంత కాస్టింగ్ నా ఎంబీఏ రెండేళ్లలో నేర్చుకోలేదు.

ఇంకొకటి చెప్పాలి, అసలు ఇది చెబుదామనే ఈ పోస్టు పెట్టాను. అక్కడ ఒకరోజు ప్రెజెంట్ వాల్యూ, అంటే రేపు వచ్చే డబ్బుకు ఈరోజు విలువ ఎంతో చెబుతున్నాను. మా టెక్స్ట్‌బుక్ అమెరికాది, ఉదాహరణలో ఒకాయన బాండు (అప్పు పత్రం) కొంటాడు. క్లాసులో ఒక్కరు కూడా బాండు చూసినవాళ్లు లేరు, ఆ దేశంలో అప్పటికి స్టాక్ ఎక్స్చేంజే లేదు. అరగంట చెప్పినా ముఖాల్లో ఏమీ కదలిక లేదు. వెనక బెంచీలో ఒకమ్మాయి, వాళ్లమ్మ అడిస్‌లోని మెర్కాటో బజారులో మసాలాలు అమ్ముతుంది, ఆ అమ్మాయి లేచి "ఎక్కుబ్‌లో ముందు వంతు కొనుక్కోవడం లాంటిదా సార్?" అంది.

ఎక్కుబ్ అంటే ఏమిటో చెప్పమన్నాను. ఇరవై మంది ఆడవాళ్లు వారం వారం తలా కొంత వేస్తారు, చీటీ తీస్తారు, పేరు వచ్చినవాళ్లు మొత్తం తీసుకుంటారు. వాళ్లమ్మకు సరుకు కోసం అవసరం పడి, పేరు వచ్చిన పక్కావిడకు కొంత డబ్బిచ్చి ఆ వంతు తను తీసుకుందట. నేను సుద్దముక్క కింద పెట్టేశాను. ఇది మా అమ్మ కొర్లగుంటలో వేసిన చీటీయే! లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది, నెలకు ఐదు వేలు, మూడో నెలలో అక్క పెళ్లికని మా అమ్మ పాతిక వేలు పోగొట్టుకొని పాడుకొని డెబ్భై ఐదు వేలు తెచ్చుకుంది. ఆ పాతిక వేలు దేనికి ధర? ముందు చేతికి వచ్చినందుకు ధర. ప్రెజెంట్ వాల్యూ అంటే అదే. బోర్డు తుడిచి, వాళ్లమ్మ ఎక్కుబ్ మీదే మొత్తం లెక్క వేశాం. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇక్కడికి తిరిగొచ్చాక మన పిల్లలకు కూడా చీటీ పాటతోనే మొదలుపెడుతున్నాను. మన ఇళ్లలో చీటీ వేయని అమ్మ ఉందా?


కౌంటర్ నంబర్ 3
ఆదివారం, రాత్రి 9.35

సార్, మీ మాట మీద గౌరవంతోనే చెబుతున్నా, నేను ఒప్పుకోను. నేను బ్యాంకులో పనిచేస్తున్నాను. చీటీతో మొదలుపెట్టడం మంచిదే, కానీ అక్కడే ఆగిపోతే ప్రమాదం. వాళ్ల దేశంలో ఇప్పుడు స్టాక్ ఎక్స్చేంజ్ తెరిచారు, విదేశీ బ్యాంకులు రాబోతున్నాయి, కరెన్సీ వదిలేశారు. మనకు 1991 తర్వాత ఏమైందో గుర్తుందా? 1992లో షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా కుంభకోణం. బ్యాంకుల మధ్య నడిచే రసీదుల్లో డొల్లతనం, దాన్ని పట్టుకునే పద్ధతులు లేకపోవడం. షేరు మార్కెట్‌ను అదుపు చేసే సెబీకి చట్టబద్ధ అధికారాలు వచ్చిందే ఆ సంవత్సరం. అంటే ఆట మొదలయ్యాక అంపైర్ వచ్చాడు.

మా ఇంట్లోనే జరిగింది. తొంభైల్లో ఎక్కువ వడ్డీ ఇస్తామని ఒక ఫైనాన్స్ కంపెనీ వీధి వీధికీ తిరిగింది. మా నాన్న రిటైర్మెంట్ డబ్బు వేశాడు. ఒకరోజు పోతే షట్టర్ కిందికి ఉంది. ఆ షట్టర్ ముందు నిలబడ్డవాళ్లలో టీచర్లు ఉన్నారు, గుమాస్తాలు ఉన్నారు, ఒక కామర్స్ లెక్చరర్ కూడా ఉన్నాడు. డిపాజిట్లు తీసుకునే కంపెనీల మీద రిజర్వు బ్యాంకుకు గట్టి అధికారాలిస్తూ చట్టం సవరించింది 1997లో. మా నాన్నకు అప్పటికే ఆలస్యమైపోయింది, ఆయన ఆ దిగులుతోనే పోయాడు.

అందుకే అంటున్నా, కొట్టు చూపించడం, మండీ చూపించడం చాలదు. బ్యాలెన్స్ షీటు చదవడం, ఆడిటర్ రాసిన నోట్లు చదవడం, కంపెనీ చట్టం, రెగ్యులేటర్ పని, ఇవన్నీ గట్టిగా, పరీక్ష పెట్టి మరీ నేర్పాలి. ఎక్కుబ్‌లో మోసం చేస్తే పక్కింటావిడ నిలదీస్తుంది. షేరు మార్కెట్లో ఎవరు నిలదీస్తారు? ఆ నిలదీసే మనుషుల్ని తయారుచేయడం మేనేజ్‌మెంట్ చదువు పని.


గుజ్జు చిత్తూరు
ఆదివారం, రాత్రి 10.05

అన్నా, మీ నాన్న సంగతి చదివితే కడుపు తరుక్కుపోయింది. మీ మాట కూడా నిజమే. 2025 జూన్‌లో తోతాపురి ధర పడిపోయినప్పుడు, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, 4 రూపాయలు మేం కలుపుతాం అని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. రైతు ఒక లెక్క చెప్పాడు, మేం ఒక లెక్క చెప్పాం, ఆఫీసర్లు ఒక లెక్క చెప్పారు. సుమారు రెండు కిలోల కాయకు ఒక కిలో గుజ్జు వస్తుంది, మిగిలినదంతా టెంక, తొక్క. ఈ ఒక్క లెక్క మూడు వర్గాలూ ఒకచోట కూర్చొని, ఎవరికీ సొంతం కాని మనిషి ఒకడు వేసి చూపిస్తే సగం గొడవ తగ్గేది. అట్లాంటి మనిషి మన జిల్లా కాలేజీల నుంచే రావాలి కదా.


నిర్వాహకుడు
ఆదివారం, రాత్రి 10.20

మామిడి ధర మీద పార్టీల వాదన రెండు కామెంట్లు తీసేశాను. విషయం మీదే ఉండండి, దయచేసి.


కాళహస్తి కలం
సోమవారం, ఉదయం 6.30

మాది కలంకారీ ఇల్లు. మా ఇంటికి ఏటా ఎంబీఏ పిల్లలు వస్తారు. ఒక కాగితం ఇస్తారు, మీ వయసు, మీ ఆదాయం, ఐదు వేల లోపా పది వేల లోపా, టిక్కు పెట్టమంటారు. కూర్చోమన్నా కూర్చోరు, ఆటో ఎదురుచూస్తూ ఉంటుంది. ఒక్కరు కూడా గుడ్డ పట్టుకొని చూడలేదు. కరక్కాయ, పాలు కలిపి గుడ్డ నానబెడతాం, ఎండబెడతాం, కలంతో గీస్తాం, రంగు వేసి ఉతుకుతాం, మళ్లీ రంగు, మళ్లీ ఉతుకు. ఒక చీర అయ్యేసరికి ఎన్ని రోజులో మాకే లెక్క ఉండదు, మధ్యలో వాన పడితే ఆగిపోవాలి. వ్యాపారి వచ్చి ఇంత అంటాడు, ఇచ్చేస్తాం.

నాకు కావాల్సింది ఒకటే అమ్మా. నా చేతి పనికి రోజుకు ఎంత పడుతోందో ఎవరైనా కూర్చొని లెక్క కట్టి చెప్పాలి. ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.


నాలుగో సెమ్
సోమవారం, ఉదయం 7.15

అక్కా, నేను వస్తాను. మాకు పరీక్షలు ఇరవయ్యో తేదీకి అయిపోతాయి. మీరు చీర మొదలుపెట్టే రోజు చెప్తే ఆ రోజు నుంచి రోజూ రాసుకుంటాను, చీర అయ్యేదాకా. డబ్బులేమీ వద్దు.


పాత కామర్స్
సోమవారం, ఉదయం 9.00

నాలుగో సెమ్ బాబూ, కరక్కాయ ఖరీదు, రంగు ఖరీదు, ఉతకడానికి ఏటికి పోయి వచ్చే సమయం, ఎండ కోసం ఆగిన రోజులు, అన్నీ విడివిడిగా రాయి. ఆగిన రోజులు వదిలిపెట్టకు, అందరూ అక్కడే తప్పు చేస్తారు. కావాలంటే నా ఇంటికి రా, పట్టిక గీసి ఇస్తాను. ఆమె కాళ్లకు దణ్ణం పెట్టి మొదలుపెట్టు, ఆమెకే ముందు చూపించు.


సత్యవేడు రోడ్డు
సోమవారం, ఉదయం 9.25

ఆ లెక్క అయ్యాక నాకు కూడా పంపు తమ్ముడూ. జిరాక్స్ రిపోర్టుల కంటే అదొక్కటి తెస్తే చాలు, మా కంపెనీలో ఇంటర్వ్యూకు నేనే పిలుస్తాను. ఉద్యోగం గ్యారంటీ అనను, ఇంటర్వ్యూ మాత్రం గ్యారంటీ.


అలిపిరి మెట్లు
సోమవారం, రాత్రి 9.10

కౌంటర్ నంబర్ 3 గారూ, మీ పోస్టు చదివాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. ఇథియోపియా అబ్బాయికి మెయిల్ రాశాను, ఇందాకే పంపాను. అందులో ముఖ్యంగా పెట్టినవి ఇవి.

మొదటి సెమిస్టర్‌లో కొత్త పుస్తకం వద్దు, ఎక్కుబ్, కాఫీ, మిల్లు లెక్కలతోనే గడపండి, అవి అమ్హారిక్‌లో మాట్లాడుకున్నా పరవాలేదు, పరీక్ష మాత్రం ఇంగ్లీషులో పెట్టుకోండి. టీచరు ఉద్యోగంలో చేరిన మొదటి మూడేళ్లలో ఏదో ఒక సంస్థలో ఆరు నెలలు నిజంగా పనిచేసి రావాలి, అప్పుడే ప్రమోషన్. ఇది వినగానే అక్కడి టీచర్లు ఒప్పుకోరని నాకు తెలుసు, ఇక్కడా ఒప్పుకోరు, అయినా రాశాను. పాత మేనేజర్లకు సాయంత్రం క్లాసులు, వాళ్లు చదువుకుంటూనే వారానికి ఒక గంట చెప్పాలి కూడా. ఆ పైన మీరన్నది, ఆడిట్, కంపెనీ చట్టం, రెగ్యులేటర్, ఇది ఆప్షనల్ కాకుండా అందరికీ తప్పనిసరి. మీ నాన్నగారి షట్టర్ సంగతి మీ పేరు లేకుండా రాశాను, కోపం లేదనుకుంటాను. అక్కడ ఈ రెండు మూడేళ్లలో కొత్త షట్టర్లు చాలా తెరుచుకుంటాయి, అవి మూసుకునే రోజు కోసం పిల్లలు తయారుగా ఉండాలి.

అతను వెంటనే జవాబిచ్చాడు. ఎక్కుబ్ అడిగిన అమ్మాయి ఇప్పుడు అడిస్‌లో ఒక ప్రైవేటు బ్యాంకులో లోన్ ఆఫీసరట, ఆమెను సిలబస్ కమిటీలో వేసుకున్నామని రాశాడు. చాలా సంతోషమైంది.


కౌంటర్ నంబర్ 3
సోమవారం, రాత్రి 9.30

కోపమేం లేదు సార్. మా నాన్న పేరు పెట్టినా పరవాలేదు.


గుజ్జు చిత్తూరు
సోమవారం, రాత్రి 10.00

నాలుగో సెమ్ తమ్ముడు గేటు తెరవరు అన్నాడు కదా, రెండు రోజులుగా ఆ మాట నన్ను పొడుస్తా ఉంది. అలిపిరి సార్, ఈ జూన్ రెండో వారంలో కాయ మొదలవుతుంది. మీ పిల్లల్లో నలుగురిని పంపండి, అంతకంటే ఎక్కువ మందిని సీజన్లో చూసుకోలేను. పది రోజులు ఉండాలి, రాత్రి షిఫ్టు కూడా. కాటా దగ్గర ఇద్దరు, గుజ్జు లైన్ దగ్గర ఒకరు, అకౌంట్స్‌లో ఒకరు, మూడు రోజులకొకసారి మారతారు. పద్దు పుస్తకాలు చూపిస్తాను, అందులో నష్టం వచ్చిన ఏడు కూడా చూపిస్తాను. భోజనం మా క్యాంటీన్లోనే. ఆడపిల్లలు వస్తే ఇద్దరు కలిసి రావాలి, ఉండటానికి మా అక్క ఇల్లు పక్కనే.

చెప్పులు వద్దు, బూట్లు తెచ్చుకోమనండి. తలకు నెట్టు మేమిస్తాం.